మా అన్న ఇచ్చిన మంచి మట్టి

మా పొలంలో విషం ఉందో లేదో తేల్చడానికి హైదరాబాదు నుంచి వచ్చిన అబ్బాయి ఊళ్లో అందరినీ అడిగాడు, నన్ను తప్ప. మా అన్నను అడిగాడు. వదినను అడిగాడు. పక్క పొలం ఆయనను అడిగాడు. చివరకు ఆ దారిన గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయనను కూడా ఆపి, ఆయన చెప్పింది శ్రద్ధగా రాసుకున్నాడు. నేను అక్కడే గట్టు మీద నిలబడి ఉన్నాను. అతను నా వైపు తిరిగి, "అమ్మా, కాస్త పక్కకు జరుగుతారా, ఫొటో తీసుకోవాలి" అన్నాడు.

ఆ ఫొటో తర్వాత అతని నివేదిక ఆరో పేజీలో వచ్చింది. బావి ఉంది, మోటారు గది ఉంది. ఎడమ అంచున నా చెప్పు ఒకటి సగం పడింది.

ఆ పొలం గురించి చెప్పడానికి నాకేం హక్కని ఎవరైనా అడగవచ్చు. చాలామంది అడిగారు కూడా. మెట్‌పల్లికి బస్సులో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఆ నాలుగెకరాల్లో నేను పెరిగాను. తర్వాత ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి, ఇప్పుడు మెట్‌పల్లిలో ఉంటున్నాను. పొలం మా అన్న పేరున ఉంది. మా బాపు, అంటే నాన్న, చనిపోయిన ఏడాది నన్ను పిలిపించి, నాకు వాటా అక్కర్లేదని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ రోజు వదిన చీర పెట్టింది. కొత్తదే అన్నారు. దాని మడతల్లోని నాఫ్తలిన్ వాసన నాలుగు ఉతుకుల దాకా పోలేదు. ఈ సంగతి నేను ఎక్కడా ఎత్తలేదు. పెళ్లిళ్లలో, దశదినకర్మల్లో, మాట వచ్చినప్పుడు మాత్రం చెప్పాను.

అందుకే పొలం గురించి నేను నోరు తెరిస్తే చాలు, వాటా కోసమే అనుకుంటారు.

రెండేళ్ల కిందట ఆ పొలాన్ని ఒక ట్రస్టు వాళ్లు అడిగారు. ఆడపిల్లలకు హాస్టలుతో సహా బడి కడతామన్నారు. మస్కట్‌లో ఉన్న అన్న కొడుకు వాపసు వచ్చి ఏదైనా దుకాణం పెట్టుకుంటానంటున్నాడు కాబట్టి అన్న కూడా సరేనన్నాడు. అయితే డబ్బులిచ్చే దాతలకు ఒక నియమం ఉందట: వ్యవసాయం చేసిన భూమిలో కట్టడం మొదలుపెట్టే ముందు మట్టిలో పాత మందులు మిగిలాయేమో పరీక్షించాలి. దానికే ఆ అబ్బాయి వచ్చాడు. ఊరు అతనికి మట్టి సార్ అని పేరు పెట్టింది.

రోడ్డు పక్కన ట్రస్టు వాళ్లు ఫ్లెక్సీ కట్టారు. బడి బొమ్మ, తోట బొమ్మ, నవ్వుతున్న పిల్లల బొమ్మ. మా బావిని నీలం రంగులో గీసి, దాని నుంచి వంటగదికి ఒక గొట్టం గీశారు. బావిని పూడిక తీసి, లోతు చేసి, పిల్లలు తాగే నీళ్లు దాని నుంచే ఇస్తారట. ఎండాకాలంలోనూ ఎండని బావి అని అన్న గొప్పగా చెప్పుకున్నాడు. ఆ ఫ్లెక్సీ ముందు నేను ఎంతసేపు నిలబడ్డానంటే, నేను ఎక్కాల్సిన బస్సు పోయి, దాని తర్వాతి బస్సు కూడా పోయింది.

ఎందుకో చెప్పాలి. మాది పసుపు పండించే ఇల్లు. మిరుగు, అంటే మృగశిర కార్తె, పడగానే విత్తనపు కొమ్ములను నాటే ముందు మందు నీళ్లలో ముంచి తీయాలి, లేకపోతే నేలలో కుళ్లిపోతాయి. నా చిన్నతనంలో దానికి ఒక గులాబీ రంగు పొడి వచ్చేది. అందులో పాదరసం ఉంటుందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బావి పక్కన సిమెంటు గోలెం ఉండేది. నేను బావి నీళ్లు తోడి పోసేదాన్ని. మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, పొడి వేసి కట్టెతో కలిపి, కొమ్ములను గంపలతో ముంచి, మోచేతుల దాకా చేతులు పెట్టి కలియతిప్పేది. మొగవాళ్లు అరకలతో సాళ్లు తీస్తుండేవాళ్లు. గోలెం దగ్గరికి వాళ్లు వచ్చేది తడిసిన గంపలు ఎత్తుకుపోవడానికే. పని అయ్యాక మిగిలిన గులాబీ నీళ్లను అవ్వ, నేను గోలెం వంచి, బావి పక్కనే ఉన్న గుంటలో పారబోసేవాళ్లం. చేలో పోస్తే మొలక చస్తుంది, చెట్టుకు పోస్తే చెట్టు చస్తుంది. గుంట ఏం చస్తుంది? ప్రతి ఏడాదీ అదే గుంట. నా పెళ్లి దాకా.

వదిన కాపురానికి వచ్చేసరికి ఆ పొడి దుకాణాల్లో రావడం మానేసింది. గోలెం పగిలిపోయింది, గుంట పూడిపోయింది, దాని మీద గడ్డి మొలిచింది. కాబట్టి మట్టి సార్ అడిగిన వాళ్లలో ఆ గుంట సంగతి తెలిసిన వాళ్లు ఒక్కరూ లేరు. గొర్రెల ముసలాయనకు అసలే తెలియదు, ఆయన పక్క మండలం వాడు.

ఆ రోజు మట్టి సార్ ఇనుప బర్మాతో పొలంలో అక్కడక్కడ రంధ్రాలు చేసి, మట్టిని నంబర్లు వేసిన సంచుల్లో నింపాడు. పది చోట్ల తీయాల్సి ఉండగా ఎనిమిది అయ్యాయి. అంతలో పెద్ద వాన. వాగు పొంగితే కారు పోదని డ్రైవరు తొందర చేశాడు. మిగిలిన రెండు చోట్లూ బావి పక్కవే. ఈ లోపల నేను గొడుగు వేసుకుని అతని దగ్గరికి పోయి, "సారూ, నీతోని ఒక మాట చెప్పాలె" అన్నాను.

"తర్వాత మాట్లాడదాం అమ్మా" అని కారు ఎక్కేశాడు. తర్వాత అంటే ఎప్పుడో చెప్పలేదు. నేను అడిగేలోపు అద్దం పైకెక్కింది.

నెల తిరిగేసరికి నివేదిక వచ్చింది. పది సంచుల్లోనూ మట్టి శుభ్రంగా ఉందట. ముఖ్యంగా బావి పక్క రెండు సంచుల మట్టి మిగతా వాటికంటే శ్రేష్ఠంగా ఉందట. శ్రేష్ఠం! ఆ గుంట మీద నేను స్వయంగా పారబోసిన నీళ్లకు శ్రేష్ఠం అని కితాబు వచ్చింది.

మట్టి సార్‌కు ఫోన్ చేశాను. "మేడమ్, మీరు భూ యజమానా?" అన్నాడు. కాదన్నాను. "కొంటున్న వాళ్ల తరఫునా?" కాదన్నాను. "మరి మీరు..." అని ఆగాడు. మాట గుంట దాకా రానే లేదు గానీ, ఆ ఆగడం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. బస్సులో పాసు లేని వాళ్లను నేను కూడా అలాగే అడిగేదాన్ని, కానీ కూర్చోబెట్టి అడిగేదాన్ని.

గుంట సంగతి చెబుదామని అన్న దగ్గరికి పోతే, మొదలుపెట్టగానే గేటు దగ్గరే ఆపాడు.

"ఏందే చెల్లె, మల్ల మొదలువెట్టినవా? ఎన్నేండ్ల కింది సంగతి! నువ్వు అప్పుడు గింత పోరివి. నీకేం యాదికుంటది?"

"నాకు అన్నీ యాదికుంటయ్."

"గదే గదా ఊరి పరేషాన్" అన్నాడు.

జిల్లా కచేరీలో సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారు. రెండు సోమవారాలు పోయి అర్జీ ఇచ్చి, రసీదు తీసుకున్నాను. మొదటి అర్జీ మట్టికి సంబంధించింది కాబట్టి వ్యవసాయం వాళ్లకు పంపారు. వాళ్లు చాలా త్వరగా స్పందించారు. ఇద్దరు వచ్చి మట్టి తీసుకుపోయి పరీక్ష చేసి, నా పేరున కార్డు పంపారు. నత్రజని తక్కువగా ఉంది, జింకు వేసుకోవలెను అని అందులో ఉంది. రెండో అర్జీ బావికి సంబంధించింది కాబట్టి నీళ్ల వాళ్లకు పంపారు. బావి తాగునీటి వాడుకలో లేనందున పరీక్ష అవసరం లేదు, వాడుకలోకి వచ్చాక దరఖాస్తు చేసుకోవచ్చును అని వాళ్లు రాశారు. అంటే ముందు పిల్లలు తాగాలి, తర్వాత నేను దరఖాస్తు పెట్టాలి.

ఇదంతా చూశాక నాకు ఒకటే అర్థమైంది. ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టినదాన్ని. కిటికీలోంచి బయటికి చూస్తున్న వాడి దగ్గర టికెట్టు ఉండదని నాకు తెలుసు. గేటు దగ్గర మాట్లాడినంతసేపూ అన్న రోడ్డు వైపే చూశాడు. భూమి అమ్ముడుపోవాలని ఏదో చేశాడు. నాకు అనుమానం కాదు, నమ్మకమే.

బడికి పునాది తీసే ముందు ట్రస్టు వాళ్లు పంచాయతీ ఆఫీసులో ఊరి వాళ్లను కూర్చోబెట్టి నివేదిక చదివి వినిపించారు. మట్టి సార్ కూడా వచ్చాడు. కుర్చీలు అయిపోయాయని నాకు బెంచీ చూపించారు. నేను నిలబడే ఉన్నాను.

చదవడం అయ్యాక అడిగాను: "సారూ, పది సంచులు నువ్వే నింపినవా?"

అతను కాగితాలు తిరగేశాడు. "ఎనిమిది నేను నింపాను మేడమ్. తొమ్మిది, పది... వాన కదా. మ్యాపు మీద ఎర్ర గుర్తులు పెట్టి, అక్కడ తీసి బస్సు పార్సిల్‌లో పంపమని భూ యజమానికి ఇచ్చాం."

"అంటే అమ్మేటోడే నింపిండు" అన్నాను. "విన్నరా అందరు? బాయికాడి సంచులు మా అన్న నింపిండు. ఎక్కడి మట్టి నింపినవ్ అన్నా? సొమ్ము కోసం పొల్లగాండ్లకు విషం తాపుతవా?"

అన్న లేచాడు. అతని మొహంలో నేను వెతికింది భయం. అక్కడ ఉన్నది ఆశ్చర్యం.

"మోసమా? నేనెందుకు మోసం జేస్తనే? పద్ధతి ప్రకారం తీసిన. గట్టుకాడ తియ్యొద్దు, చెట్టు నీడకు తియ్యొద్దు, పెంటకుప్పకాడ, బాయికాడ తియ్యనే వద్దు. పైన గడ్డి చెక్కి, నడుమ మడిల తీసిన. గడ్డలు చిదిమి, రాళ్లు ఏరి, నీడకు ఆరబెట్టి, నాలుగు పాళ్లు జేసి, అండ్ల రెండు పాళ్లు పంపిన. సారు పట్నం పిల్లగాడు, ఎరుక లేక బాయికాడ గుర్తు వెట్టిండు అనుకున్న. చిన్నోని తప్పు అందరి ముంగట ఎందుకు జెప్పాలె అని నేనే దిద్దిన."

మట్టి సార్ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"మార్కెట్‌కు పసుపు తీస్కపోతె బస్తా మూతికాడ మంచి కొమ్ములు పెట్టమా?" అన్నాడు అన్న అందరి వైపూ తిరిగి. "ఇంటికొచ్చినోడు మట్టి అడిగితె మురికి మట్టి ఇస్తమా? మంచి మట్టే ఇచ్చిన."

ఎవరూ నవ్వలేదు. ఊళ్లో ప్రతి రైతుకూ ఆ పద్ధతి తెలుసు. ఎరువు ఎంత వేయాలో తెలుసుకోవడానికి మట్టి తీసే పద్ధతి అది, దానికి అది సరైనదే. మట్టిలో విషం వెతకాలంటే ఆ పద్ధతి వదిలేయమన్న చోట్లకే పోవాలి. ఈ ముక్క అన్నకు చెప్పిన వాళ్లు లేరు. మట్టి సార్‌కు వాగు అడ్డం వచ్చింది.

అన్న ఇంకా కూర్చోలేదు. "గా పద్ధతి నాకెవ్వలు జెప్పిండ్రు? అప్పట్ల వ్యవసాయపోళ్ల కాగితం నాకు చదివి ఇనిపించింది నువ్వు గాదానే? డ్యూటీ దిగి వచ్చి, వాకిట్ల కూసొని చదివినవ్."

నిజమే. చదివాను. బావి దగ్గర తీయరాదు అనే వాక్యం నా నోటితోనే చదివాను. ఆ రోజు చాయ్ తాగుమని ఎవరూ అనలేదన్న సంగతి కూడా గుర్తుంది, కానీ అది చెప్పే సమయం కాదని ఊరుకున్నాను.

"ఊరందరి ముంగట నన్ను దొంగను జేసినవ్" అని అన్న బయటికి వెళ్లిపోయాడు. తువ్వాల కుర్చీ మీదే మరిచిపోయాడు.

మట్టి సార్ నా దగ్గరికి వచ్చాడు. మొదటిసారి కూర్చోమన్నాడు. గుంట గురించి, గులాబీ పొడి గురించి, ఎన్నేళ్లు పోశామన్న దాని గురించి అడిగి రాసుకున్నాడు. ఆ పదార్థం ఏళ్లు గడిస్తే పోయే రకం కాదు, నిజంగానే అడుగున ఉండవచ్చు అన్నాడు. మళ్లీ తవ్వడానికి మాత్రం యజమాని సంతకం కావాలట. నా సంతకం పనికిరాదు. వద్దని రాసిచ్చిన దాన్ని కదా.

అంటే ఆ పిల్లలు ఏ నీళ్లు తాగుతారన్నది ఇప్పుడు అన్న చేతిలో ఉంది. ఆ అన్నను నేను నిన్ననో మొన్ననో కాదు, అరగంట క్రితమే ఊరి ముందు దొంగ అన్నాను.

మరుసటి పొద్దున తువ్వాల తీసుకుని పోయాను. ఇతరులు నన్నన్న మాటలు నేను ఎన్నో దాచుకున్నాను గానీ, నేను అన్న మాటను వెనక్కి తీసుకోవడం అలవాటు లేదు. తప్పయిందని చెప్పాలనే పోయాను. వదిన చాయ్ తెచ్చింది. అందులో చక్కెర లేదు. దాంతో మాట మారిపోయింది.

"చక్కెర అయిపోయిందా వదినా?"

"మనుషులను దొంగలనేటోళ్లకు చక్కెర ఎందుకు?" అంది వదిన. న్యాయమే.

అన్న మంచం మీద కూర్చున్నాడు. తువ్వాల తీసుకుని భుజాన వేసుకున్నాడు. తర్వాత, "గా నీళ్లు పోసింది ఎవ్వలు?" అన్నాడు.

"అవ్వ. నేను."

"గుంటలనా?"

"ప్రతి మిరుగుకు."

"నాకు అప్పుడెందుకు జెప్పలే?"

"నువ్వెన్నడు అడిగినవ్? గంపలు ఎత్తుకపోయినవ్, అంతే."

అతను తన చేతిలోని కప్పు వైపు చూశాడు. అవ్వ చివరి ఏళ్లలో కప్పు పట్టుకోలేకపోయేది. చేతులు వణికి చాయ్ అంతా సాసర్‌లోకి వచ్చేది. సాసర్‌ను రెండు చేతులతో మేమే నోటికి అందించేవాళ్లం. వయసు అన్నాడు డాక్టరు. ఆ నీళ్ల వల్లే అని ఎవరూ రాసివ్వలేదు, నేనూ రాయను. కానీ ఆ పొద్దున మేమిద్దరం దాని గురించే ఆలోచిస్తున్నామని ఇద్దరికీ తెలుసు.

"నాకు నరాల బలహీనత అన్కుంట తిరిగింది అవ్వ" అన్నాడు.

"అవును."

"గా పొల్లలు గీ బాయి నీళ్లే తాగుతరా?"

"బొమ్మల గట్లనే గీసిండ్రు."

"బేరం చెడిపోతె మా పిలగానికి నువ్వు జెప్తవా?"

"చెప్త. ఫోన్ కలిపియ్యి, ఇప్పుడే చెప్త."

"వద్దు తియ్యి. నువ్వు మాట్లాడితె వాడు మస్కట్లనే ఉండిపోతడు" అని, కాగితం తెమ్మన్నాడు. సంతకం పెట్టాడు. నన్ను క్షమించానని మాత్రం అనలేదు. నేను అడగలేదు కాబట్టి ఆ విషయంలో అతన్ని తప్పుపట్టను.

మట్టి సార్ ఈసారి వానల్లేని రోజున వచ్చి, నేను నిలబడి చూపించిన చోట తవ్వాడు. గుంట అడుగు మట్టిలో పాదరసం ఉంది. బావి నీళ్లలో పెద్దగా లేదు గానీ, బావి అడుగు బురదలో ఉంది. పూడిక తీసి లోతు చేసి ఉంటే ఆ బురదంతా లేచి నీళ్లలో కలిసేదని అతనే చెప్పాడు. కొత్త నివేదికలో, భూ యజమాని అందించిన విలువైన సమాచారంతో ఈ స్థలాన్ని గుర్తించాం అని రాశాడు. భూ యజమాని! సవరించమని నేను పంపిన ఉత్తరానికి ఇంతవరకు జవాబు లేదు.

ట్రస్టు వాళ్లు మంచివాళ్లే. బేరం వదులుకోలేదు. బావి, గుంట ఉన్న అర ఎకరం తమకు వద్దని, మూడున్నర ఎకరాలే తీసుకున్నారు. తాగునీళ్లకు అటు చివర రోడ్డు పక్కన బోరు వేసి, ఆ నీళ్లు పరీక్ష చేయించారు. బాగున్నాయి. ఆ కాగితం నేను చదివాను. సంచులు ఎవరు నింపారో కూడా కనుక్కున్నాను.

మిగిలిన అర ఎకరం ఏం చేయాలో అన్నకు తోచలేదు. పంట వేయరాదు, అమ్ముడుపోదు. పైగా కొడుకు అడిగాడట, నాలుగు రోజులు పోయాక ఎవరికీ గుర్తుండదు కదా, బావి నీళ్లు ట్యాంకర్లకు అమ్మరాదా అని. ఆ సాయంత్రమే అన్న నాకు ఫోన్ చేశాడు.

"గీ అర ఎకరం నీ పేర చేస్త. తీస్కుంటవా?"

"ఎందుకు, నా వాటానా?"

"వాటా గాదు, గీటా గాదు. నా దగ్గర ఉంటే ఎవ్వడో ఒకడు నన్ను ఒప్పిస్తడు. నిన్నెవ్వడు ఒప్పిస్తడు?"

ఇన్నేళ్లలో మా అన్న నా గురించి అన్న మంచి మాట అదొక్కటే. అది మంచి మాటేనా అని నేను మూడు రోజులు ఆలోచించాను. తర్వాత పోయి సంతకం పెట్టాను. రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమస్తా, "ఆడిబిడ్డకు అన్న భూమి ఇచ్చుడు, ఈ రోజులల్ల గొప్ప సంగతమ్మా" అన్నాడు. వదిన ఈసారి చీర పెట్టలేదు.

బావికి ఇనుప జాలీ వేయించి, చుట్టూ కంచె కట్టించాను. బడి నడుస్తోంది. కంచెకు అవతల పిల్లలు పొద్దుగూకేవేళ ఆడుకుంటారు. మొన్న ఒక పిల్ల కంచె దగ్గరికి వచ్చింది.

"అమ్మమ్మా, గీ జాగల ఏం వెయ్యవా?"

"వెయ్య."

"గా బాయిల నీళ్లు లేవా?"

"ఉన్నయ్. మీకు గాదు."

"మస్తు పిసినారివి" అని నవ్వి, చేతిలోని సీసా ఎత్తి గటగటా తాగింది. ఏ నల్లాలో పట్టావని అడిగాను. బోరుదే అంది. పిల్లలు ఏదైనా అంటారు. లోపలికి పోయి వంటగది గొట్టం ఎటు పోతుందో కళ్లతో చూద్దామని గేటు దగ్గరికి పోయాను. వాచ్‌మన్ పాసు అడిగాడు. ఆ స్థలంలో పుట్టి పెరిగినదాన్నని చెప్పాను. పాసు ఉందా లేదా అన్నాడు.

పాసు కోసం అర్జీ ఇచ్చి, రసీదు తీసుకున్నాను.